ఎడారిలో వృద్ధుల నగరము: డెల్బర్ట్ వెబ్ చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి భాగమున అరిజోనా యను రాష్ట్రము గలదు. ఆ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము ఫీనిక్స్. ఈ పట్టణమునకు వాయవ్య దిశను సుమారు 15 మైళ్ల దూరమున సన్ సిటీ, అనగా సూర్యనగరము, అను నొక యూరున్నది. అందు దాదాపు 40 వేలమంది జనులు కాపురముందురు. చక్కని యిండ్లు, అంగళ్లు, ఆసుపత్రి, ఆరాధన మందిరములు, ఆటస్థలములు అన్నియు నచ్చట గలవు. బడికి పోవు పిల్లలు మాత్రము ఆ యూరి కాపురస్థులలో లేరు. పిల్లలు అతిథులుగా వచ్చి కొన్ని దినములుండి పోవచ్చును గాని కాపురముండుటకు నియమము ఒప్పుకొనదు. అది కేవలము వయసు మీరినవారి కొరకు కట్టబడిన నగరము.

ఆ నగరమును కట్టించిన డెల్బర్ట్ వెబ్ చరిత్రను మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము. బడిపిల్లల పత్రికలో వృద్ధుల నగరపు ప్రస్తావన యేల యని చదువరులు అడుగవచ్చును. ఆ నగరమునకును పొరుగుననున్న బడులకును ఒక తగవు వచ్చినది. ఆ తగవులోని ప్రశ్న తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, విద్యార్థులును కూడ ఆలోచింపదగినది. అంతకు ముందుగా ఆ మనుష్యుడెట్టివాడో తెలిసికొందము.

డెల్బర్ట్ యూజీన్ వెబ్ 1899వ సంవత్సరము మే నెల 17వ తేదీని కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రెస్నో పట్టణమున జన్మించెను. చిన్ననాటి నుండియు ఈయనకు రెండింటిపై మిక్కిలి మక్కువ. ఒకటి వడ్రంగి పని. రెండవది బేస్‌బాల్ ఆట. మన దేశపు బాలురకు క్రికెట్టు ఎట్టిదో అమెరికా బాలురకు బేస్‌బాల్ అట్టిది. తండ్రి వ్యాపారము చెడిపోవుటచే వెబ్ హైస్కూలు చదువు ముగింపకయే విడిచి, బాడిశయు రంపమును చేతబట్టవలసిన వాడాయెను. దీనినిబట్టి చదువు మానినవారికే భాగ్యము కలుగునని మా విద్యార్థులు తలపరాదు. ఇల్లు గడువని కాలమున చదువు మానవలసివచ్చుట యొక నష్టమే గాని ఘనత గాదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున వెబ్ ఓక్లాండు రేవునందలి ఓడలు కట్టు కార్ఖానాలో వడ్రంగిగా పనిచేసెను. 1919లో హేజెల్ చర్చ్ అను కన్యను వివాహమాడెను. పనివేళల వడ్రంగము, తక్కిన వేళల బేస్‌బాల్, ఇట్లు దినములు గడచుచుండెను. ఆరడుగులకు మించిన పొడవరియగు ఈ యువకుడు ఆ యాటయందే పేరు సంపాదింపవలెనని కోరుచుండెను. కాని 1927వ సంవత్సరమున టైఫాయిడు జ్వరము తగిలి చాలకాలము మంచము పట్టెను. దేహము సగమునకు సగము శుష్కించిపోయెను. ప్రాణము దక్కినది గాని ఆట యాడుటకు తగిన బలము మరల రాలేదు. ఎండయు పొడిగాలియు గల చోటికి పోయిన ఆరోగ్యము కుదురునను ఆశతో 1928లో భార్యాభర్తలు ఫీనిక్స్ పట్టణము చేరిరి.

ఆ ప్రదేశమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. సంవత్సరమునకు కురియు వాన మిక్కిలి తక్కువ. వేసవిలో ఎండ 110 డిగ్రీలు దాటుట సాధారణము. శీతకాలము మాత్రము మిక్కిలి హాయిగా నుండును. ఇట్టి యెడారిలో పూర్వము హోహోకమ్ అను జాతివారు కొయ్య పనిముట్లతోను రాతి పనిముట్లతోను వందలకొలది మైళ్ల కాలువలు త్రవ్వి, సాల్ట్ నది నీటితో మొక్కజొన్నయు ప్రత్తియు పండించిరి. క్రీ. శ. 15వ శతాబ్దము నాటికి వారి గ్రామములు పాడుపడెను. 19వ శతాబ్దమున వచ్చిన క్రొత్త కాపులు ఆ పాత కాలువల జాడలనే పట్టి మరల నీరు పారించిరి. తన బూడిదనుండి తానే మరల పుట్టునని కథలలో చెప్పబడు ఫీనిక్స్ పక్షి పేరు ఆ యూరికి పెట్టబడుటకు ఇదియే కారణము. 1911లో రూజ్‌వెల్టు ఆనకట్ట పూర్తియైన తరువాత ఆ లోయ పచ్చబడెను. రోగముచే చిక్కి వచ్చిన వెబ్ అట్టి యూరిలో మరల నిలదొక్కుకొనెను.

ఈయన కంట్రాక్టరగుట ఒక చిత్రమైన రీతిని జరిగెను. వడ్రంగిగా ఒక కిరాణా కొట్టు కట్టడములో పనిచేయుచుండగా, కూలి క్రింద కంట్రాక్టరిచ్చిన చెక్కు బ్యాంకిలో చెల్లలేదు. సగములో నిలిచిన ఆ పనిని వెబ్ తానే పైనవేసికొని పూర్తిచేసి యిచ్చెను. అంతట నుండి తన పేరనే కంపెనీ పెట్టుకొనెను. దేశమంతట వ్యాపారములు కూలిపోయిన 1930 దశకమున కూడ ప్రభుత్వపు పనులు సంపాదించి ఈ కంపెనీ పెరిగెను. చెప్పిన గడువులోపల పని ముగించుట, లెక్కలు సరిగా నుంచుట, ఈ రెండే ఈయనకు పెట్టుబడి.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినంతనే కంపెనీకి పెద్ద పనులు దొరకెను. ఫీనిక్స్ సమీపమున లూక్ అను విమానదళ స్థావరమును 1941లో కట్టిరి. ఫోర్టు హువాచుకా యను దండును విస్తరింపజేసిరి. ఆ కాలపు పనులలో ఒకదానిని మాత్రము మేము మరుగుపరచి చెప్పజాలము. 1942లో జపాను వంశమువారిని, వారిలో అనేకులు అమెరికాలోనే పుట్టిన పౌరులై యున్నను, ఇండ్ల నుండి వెడలగొట్టి నిర్బంధ శిబిరములలో నుంచిరి. అట్టివానిలో ఒకటియగు పోస్టన్ శిబిరమును కొలరాడో నదీతీరపు ఎడారిలో కొలది వారములలో కట్టి యిచ్చినది వెబ్ కంపెనీయే. ఆ భూమి అచ్చటి ఆదిమ జాతులకు చెందినది; వారి సభ వలదన్నను ప్రభుత్వము వినలేదు. 17 వేలకు మించిన జనులు, పసిబిడ్డలతో గూడ, అందుంచబడిరి. ఇది అన్యాయమని ఒప్పుకొని అమెరికా ప్రభుత్వము 1988లో క్షమాపణ చెప్పి, జీవించియున్నవారికి తలకు 20 వేల డాలర్లు పరిహారమిచ్చెను. ఆజ్ఞ ప్రభుత్వముదే, కట్టిన చేతులు వెబ్ కంపెనీవి. త్వరగా పని చేయగలుగుట గొప్ప గుణమే. ఏ పని చేయుచున్నామని అడుగుట అంతకంటె గొప్ప గుణము.

1945లో వెబ్ మరి యిద్దరితో కలిసి న్యూయార్కు యాంకీస్ అను ప్రసిద్ధ బేస్‌బాల్ జట్టును కొనెను. ఆడి పేరు పొందవలెనని ఆశపడి రోగముచే ఆశ వదలుకొన్న వడ్రంగి, ఆ యాటలో మేటియైన జట్టుకే యజమానులలో నొకడాయెను. 1964లో జట్టును అమ్మువరకు వారు పదిమారులు దేశపు అత్యున్నత విజయమును పొందిరి. 1951లో ఆ జట్టువారు వసంతకాలపు అభ్యాసమునకు ఫీనిక్స్ పట్టణమునకే వచ్చిరి. నేటికిని ప్రతి సంవత్సరము వసంత ఋతువున అనేకమైన జట్లు ఆ లోయకు వచ్చి అభ్యాసము చేయుచుండును. సూర్యనగరపు ముదుసలులు గుంపులుగా పోయి ఆ యాటలు చూచి ఆనందింతురు. ఇంకొక ప్రక్క, 1946లో లాస్ వేగస్ పట్టణమున జూదశాలతో గూడిన ఫ్లమింగో హోటలును కట్టినదియు ఈ కంపెనీయే. దానిని కట్టించినవారిలో ముఖ్యుడు పేరుమోసిన నేరస్థుడు. ఇది మేము మెచ్చుకొను విషయము గాదు.

ఇక సూర్యనగరపు సంగతికి వత్తము. ఆ దేశమున 1935లో సామాజిక భద్రతా చట్టము పుట్టి, 65 ఏండ్లు నిండిన పనివారికి పింఛను దొరకు ఏర్పాటు జరిగెను. వైద్యము వృద్ధి పొందుటచే ఆయుర్దాయమును పెరిగెను. కొడుకులు కూతుండ్రు ఉద్యోగముల నిమిత్తము దూర దేశములకు పోవుచుండిరి. పని ఉడిగిన తరువాత పదియో యిరువదియో సంవత్సరములు ఏమి చేయవలెనో తెలియక, చలిదేశపు పట్టణములలో కిటికీల యొద్ద కూర్చుండి ప్రొద్దుపుచ్చు ముదుసలులు లక్షలకొలది యుండిరి. ఇట్టివారి కొరకే బెన్ ష్లైఫర్ అను నాతడు 1954లో ఫీనిక్స్ సమీపమున యంగ్‌టౌన్ అను చిన్న యూరిని స్థాపించెను. వృద్ధుల కొరకే ఊరు కట్టుట అను తలంపునకు మొదటి గౌరవము ఆతనికే చెందవలెను. వెబ్ కంపెనీవారు దానిని చూచి, అంతకంటె పెద్దదిగా, ఇండ్లతో పాటు ఆటలకును కళలకును వసతులు గలదిగా, ఒక నగరమును కట్టదలచిరి.

ముదుసలులు కుటుంబమును, పుట్టిన చోటును విడిచి రారనియు, వృద్ధులను ఒక చోట చేర్చుట మంచిది కాదనియు పలువురు హెచ్చరించిరి. వెబ్ వెనుదీయలేదు. ఇండ్లు అమ్మిన తరువాత క్లబ్బులును ఆటస్థలములును కట్టుదుమని వాగ్దానము చేయుట కంట్రాక్టర్ల వాడుక. ఈ కంపెనీ అట్లు చేయక, గోల్ఫు మైదానమును, వినోద మందిరమును, అంగళ్లను ముందుగా కట్టి, అటుపిమ్మట జనులను చూడరమ్మని పిలిచెను. మారినెట్ అను పల్లె యొద్ద ప్రత్తిచేలు నిలిచిన భూమియే సూర్యనగరమాయెను. 1960వ సంవత్సరము జనవరి 1వ తేదీని అయిదు మాదిరి యిండ్లతో దానిని తెరచిరి. మొదటి మూడు దినములలోనే సుమారు లక్షమంది చూడవచ్చిరి. రహదారిపై మోటారుబండ్లు మైళ్లకొలది బారులు తీరెను. ఇండ్ల వెల 8,500 డాలర్లు మొదలుకొని యుండెను. ఆ మూడు దినములలో రెండువందలకు పైగా ఇండ్లు అమ్ముడుపోయెను. ఇంటిలో నొక్కరికైనను 50 ఏండ్లు నిండియుండవలెననునది అప్పటి నియమము. 1962 ఆగస్టులో టైమ్ అను ప్రసిద్ధ వారపత్రిక వెబ్ చిత్రమును తన ముఖపత్రముపై ప్రచురించెను.

ఆ నగరపు జీవనమెట్టిది? వీధులు వలయములుగా చుట్టి తిరుగును. జనులు చిన్న గోల్ఫు బండ్లలో అంగళ్లకును మందిరములకును పోవుచుందురు. నగరవాసుల సంఘము క్రింద ఏడు వినోద మందిరములును ఎనిమిది గోల్ఫు మైదానములును గలవు. ఆ మందిరములలో ఒక గదియందు మగ్గములు, ఒక గదియందు కుమ్మరి సారెలు, వేరొక గదియందు వడ్రంగి బల్లలు, ఇంకొకట రాళ్లు సానబట్టు యంత్రములు ఉండును. నలుబదేండ్లు కచేరీలో లెక్కలు వ్రాసినవాడు 65వ యేట మొదటిమారు ఉలి పట్టుట అచ్చట వింత గాదు. సన్ బౌల్ అను ఆరుబయలు రంగస్థలమున గడ్డిపై కూర్చుండి పాటకచేరీలు వినుదురు. సింఫనీ వాద్యబృందమును నగరవాసులే ప్రోత్సహించి పెంచిరి. 1979లో ఏర్పడిన పామ్స్ అను స్త్రీల బృందమువారు 55 ఏండ్లు దాటినవారయ్యు, ఊరేగింపులలో చిత్రవిచిత్రముగ నాట్యము చేయుదురు. ప్రైడ్స్ అను సంఘమువారు కూలి లేకయే తెల్లవారుజామున వీధులు ఊడ్చి చెట్లకు పాదులు సరిచేయుదురు. రాత్రులు కావలి తిరుగుటకును ఆసుపత్రిలో సహాయము చేయుటకును స్వచ్ఛంద సేవకులున్నారు. బాస్వెల్ ఆసుపత్రి 1970లో తెరువబడెను. వృద్ధాప్యమనగా చావు కొరకు కాచియుండుట గాదని ఆ నగరము లోకమునకు చూపెను. ఇది వెబ్ చేసిన మేలు. దీనిని మేము మనఃపూర్వకముగా ఒప్పుకొనుచున్నాము.

నగరము వెలుపల చూడదగినవి పెక్కు గలవు. ఫీనిక్స్ పట్టణమున హెర్డ్ దంపతులు 1929లో స్థాపించిన వస్తుప్రదర్శనశాలలో ఆదిమ జాతులవారి బుట్టలు, కుండలు, నేతలు, హోపీ జాతివారి కచీనా బొమ్మలు ఉంచబడినవి. 1939లో తెరువబడిన ఎడారి వృక్షోద్యానమున సగ్వారో అను బ్రహ్మాండమైన జెముడు మ్రాకులను చూడవచ్చును. ఈ మ్రాను మిక్కిలి మెల్లగా పెరుగును. 50 లేక 75 ఏండ్లు నిండిన గాని దానికి కొమ్మ పుట్టదు. 150 ఏండ్లు బ్రదుకుట దానికి సామాన్యము. పక్షులు దాని యొడలు తొలిచి గూళ్లు కట్టుకొనును. ఇంకొక విశేషము గలదు. లేత సగ్వారో మొలక బయట మండుటెండలో సాధారణముగ బ్రదుకజాలదు. ఏదేనొక ముదురు చెట్టు నీడను మొలచినదియే యెండకును చలికిని తాళి పెరుగును. అచ్చటివారు ఆ ముదురు చెట్టును దాదిచెట్టని పిలుతురు.

ఇప్పుడు మొదట చెప్పిన తగవును గూర్చి వ్రాయుదము. సూర్యనగరము పియోరియా యను బడుల మండలములో చేరియుండెను. ఆ దేశమున బడులు కట్టుటకు ఋణము తీయవలెనన్న మండలవాసులు ఓట్లు వేసి ఒప్పుకొనవలెను. ఆ ఋణము వారి యిండ్లపై పన్నుగా వచ్చును. మండలమున పిల్లల సంఖ్య పెరుగుచుండగా, 1960, 1970 దశకములలో బడి ఋణముల ప్రశ్న ఓటునకు వచ్చినప్పుడెల్ల సూర్యనగర వాసులు పెక్కుమారులు దానిని ఓడించిరి. మా పిల్లల చదువులకు మేము వేరు ఊళ్లలో పన్నులు చెల్లించియే యున్నాము, ఇప్పుడు మాకు వచ్చునది కొద్దిపాటి పింఛను మాత్రమే యని వారి వాదము. తుదకు 1974లో సూర్యనగరమును ఆ బడుల మండలమునుండి వేరుచేసిరి. అంతట తగవు తీరినది.

తగవు తీరినది గాని ప్రశ్న తీరలేదని మాకు తోచుచున్నది. వారి వాదమున న్యాయము బొత్తిగా లేదని మేమనము. కొద్ది రాబడితో బ్రదుకు ముదుసలికి ప్రతి పన్నును బరువే. అయినను, ఆ వృద్ధులు తమ బాల్యమున చదివిన బడులను కట్టినవారెవరు? వారికి ముందటి తరమువారే గదా. అందులో బిడ్డలు లేనివారును, బిడ్డలు పెద్దలైనవారును ఉండియుందురు. బడి యనునది ఎవరి పిల్లలకు వారు కట్టుకొను అప్పు గాదు. ఒక తరము తరువాతి తరమునకు పట్టు నీడ. బడి పిల్లలు కంటికి కనబడని చోట కాపురముండువారికి ఈ సంగతి మరుగుపడుట సులభము. వెబ్ కట్టిన నగరమున లోపమేదైన నున్నచో అది ఇటుకలలో లేదు, ఆటలలో లేదు. ఈ మరపులోనే యున్నది.

వెబ్ తన నగరమున కాపురముండలేదు. పని విడిచి విశ్రమించుట ఈయన స్వభావము గాదు. మొదటి వివాహము విడిపోయిన పిదప 1961లో మరల పెండ్లియాడెను. సంతానము లేదు. 1974వ సంవత్సరము జూలై 4వ తేదీని మిన్నెసోటా రాష్ట్రమందలి రోచెస్టరు పట్టణమున శ్వాసకోశపు పుట్టకురుపు వ్యాధిచే, 75 ఏండ్లు నిండినవాడై, మరణించెను. బడుల తగవు తీరినదియు ఆ సంవత్సరముననే. ఆయన పేరనున్న ధర్మనిధి వైద్యశాలలకును వైద్య పరిశోధనలకును ధనమిచ్చినది. అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున కట్టడపు విద్య నేర్పు శాఖకు ఆయన పేరే పెట్టబడినది. హైస్కూలు చదువు ముగింపజాలని వడ్రంగి పేరు ఒక విద్యాలయపు ద్వారముపై నిలుచుట చదువరులు గమనింపదగినది. మొదటి అయిదు మాదిరి యిండ్లలో ఒకదానిని నేడు ఆ నగర చరిత్రను తెలుపు ప్రదర్శనశాలగా నుంచియున్నారు.

పరిశుద్ధ గ్రంథమున జెకర్యా ప్రవక్త తాను కనిన యెరూషలేము పట్టణమును వర్ణించియున్నాడు. అందు చేతికఱ్ఱలు పట్టుకొనిన వృద్ధులును వృద్ధ స్త్రీలును వీధులలో కూర్చుండియుందురు. ఆ వీధులలోనే బాలురును బాలికలును నిండి ఆడుకొనుచుందురు. దేవుడు కట్టదలచిన పట్టణమున ఈ యిరుతెగలవారును ఒకే వీధిని ఉన్నారు. వృద్ధులకు మర్యాదయు, పనియు, ఆటయు, సంతోషమును కావలెనని వెబ్ గ్రహించెను. అంతవరకు ఆయన చూపు సరియైనది. వారికి పిల్లల సందడి కూడ కావలెననియు, పిల్లలకు వారి నీడ కావలెననియు ఆ నగరపు చరిత్రయే మనకు బోధించుచున్నది.

మా విద్యార్థినీ విద్యార్థులలో అనేకుల యిండ్లలో తాతయో, అవ్వయో, అమ్మమ్మయో యుండకపోరు. వారు అరుగుమీద ఒంటరిగా కూర్చుండి యుండగా, మనము పుస్తకముల సంచి మూలబెట్టి ఆటలకు పరుగెత్తుచుందుము. ఈ సెలవు దినములలో మీరు వారి చెంత కూర్చుండి, వారికి తెలిసిన పని యొకటి నేర్చుకొనుడు. వారు చూడదలచిన చోటునకు చేయి పట్టుకొని తీసికొనిపొండు. తల్లిదండ్రులకును మా మనవి యొకటి గలదు. బడికి క్రొత్త గది కావలసివచ్చినప్పుడు, మా పిల్లలు చదువు ముగించి వెళ్లిరి గదా యని తలపకుడు. మీ పిల్లలు కూర్చున్న గదులను మీకంటె ముందటివారు కట్టిరి. ముదురు చెట్టు నీడను లేత మొలక పెరుగుట ఎడారికి మాత్రమే చెందిన ధర్మము గాదు.